సెన్సార్‌కి మీ పాస్‌వర్డ్‌తో పనేముంది?

దూరాన ఉన్న సెన్సార్లలోకి మనిషి ఎలా లాగిన్ అవ్వాలన్నదే ఇక్కడి విషయం, కానీ మొదలుపెట్టాల్సింది ఒక స్మార్ట్‌కార్డు దగ్గర. పాస్‌వర్డ్ తప్పు కొట్టినా లోపలికి రానిచ్చే లాగిన్ పద్ధతి ఒకటి 2004లో పేరున్న పరిశోధన పత్రికలో అచ్చయింది. పుట్టింది మన హైదరాబాద్‌లోనే, మాసబ్ ట్యాంక్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీలో. మాణిక్ లాల్ దాస్, అశుతోష్ సక్సేనా, వి.పి. గులాటీ రాసిన ఆ పేపర్ ఉద్దేశం మంచిదే. స్మార్ట్‌కార్డు ఉన్న యూజర్ దూరం నుంచి లాగిన్ అవ్వాలి, మధ్యలో వింటున్నవాడికి అతనెవరో తెలియకూడదు. అందుకని కార్డు ప్రతిసారీ మారిపోయే ఐడీ పంపుతుంది.

తేడా ఎక్కడొచ్చిందో కాస్త దగ్గరగా చూద్దాం. మీరు కొట్టిన పాస్‌వర్డ్‌కి కార్డు హ్యాష్ (వెనక్కి తిప్పలేని వేలిముద్ర లాంటి సంఖ్య) తీస్తుంది. దాన్ని ఒక ముసుగు విలువతో ఎక్సార్ చేస్తుంది (అదే విలువతో ఇంకోసారి చేస్తే పాతది తిరిగొచ్చే బిట్ల కలయిక). ఆ ముసుగు కార్డుకీ సర్వర్‌కీ ఇద్దరికీ తెలిసిన వాటితో, సమయంతో కలిపి తయారైంది. ఇలా వచ్చిందే మారే ఐడీ. తర్వాత ఆ ఐడీ, ఆ హ్యాష్ వాడి ఒక చెక్‌సమ్ లెక్కకట్టి రెండూ పంపుతుంది. సర్వర్ ముసుగు తీసేసి హ్యాష్ బయటికి లాగుతుంది, దానితో చెక్‌సమ్ మళ్లీ లెక్కకడుతుంది, వచ్చినదానితో సరిపోలితే తలుపు తీస్తుంది. ఇందులో రిజిస్టర్ చేసిన పాస్‌వర్డ్‌తో పోల్చింది ఎక్కడ? ఎక్కడా లేదు. తప్పు పాస్‌వర్డ్ కొడితే తప్పు హ్యాష్ వెళ్తుంది, అవతల అదే తప్పు హ్యాష్ బయటికొస్తుంది, లెక్క సరిపోతుంది. పరీక్ష రాసినవాడే జవాబుల కీ కూడా పట్టుకొచ్చి మాస్టారికి ఇచ్చినట్టు. కార్డు పంపే ఇంకో విలువలో అసలు పాస్‌వర్డ్ హ్యాష్ సర్వర్ రహస్యంతో ఎక్సార్ అయి ఉంది. దాన్ని ఒక్కసారి సరిచూసి ఉంటే ఈ కన్నం పడేది కాదు. కొద్దికాలానికే వేరేవాళ్లు దీన్ని బయటపెట్టారు.

పాత తప్పు తవ్వడం సరదాకి కాదు. ఇదే జాతి తప్పు తర్వాతి ఏళ్లలో వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్కుల (కొలతలు తీసి రేడియో మీద పంపే చిన్న పరికరాల గుంపుల) లాగిన్ పేపర్లలో వేషాలు మార్చుకుని తిరిగింది. 2009లో మాణిక్ లాల్ దాస్ ఒక్కరే రాసిన రెండు అంచెల (కార్డు, పాస్‌వర్డ్ రెండూ కావాల్సిన) లాగిన్ పద్ధతి ఆ రంగంలో లెక్కలేనన్నిసార్లు ఉటంకించిన పేపర్. అందులో యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిపిన హ్యాష్‌ని గేట్‌వే (సెన్సార్లకీ బయటి లోకానికీ మధ్య ఉండే యంత్రం) రహస్యపు హ్యాష్‌తో ఎక్సార్ చేసి కార్డులో పెడతారు. దాంతోపాటు ఒక ఉమ్మడి రహస్య సంఖ్య కూడా కార్డులో ఉంటుంది. అదే సంఖ్య యూజర్లతో మాట్లాడాల్సిన సెన్సార్లన్నిటిలో కూడా ఉంటుంది. ఇక్కడ ఆగి ఆలోచించండి. సక్రమంగా రిజిస్టర్ అయిన ఒక యూజర్ తన కార్డులో ఉన్నవి బయటికి లాగాడనుకుందాం. తన పేరు, పాస్‌వర్డ్ తనకి తెలుసు, వాటి హ్యాష్ తీసి కార్డులోని విలువతో ఎక్సార్ చేస్తే గేట్‌వే రహస్యపు హ్యాష్ చేతికొస్తుంది. ఇక ఉమ్మడి సంఖ్య ఎలాగూ ఉంది. ఆ రెండూ ఉంటే లేని యూజర్ని కూడా సృష్టించవచ్చు, గేట్‌వే సలాం కొట్టి లోపలికి పంపుతుంది, ఎందుకంటే దాని దగ్గర సరిచూసుకునే జాబితా ఏదీ లేదు. పైగా పాస్‌వర్డ్ హ్యాష్ కార్డులో నేరుగా ఉంది. ఆరు అంకెల పిన్ అయితే పది లక్షల అవకాశాలు, ఒక్కోదానికి హ్యాష్ తీసి పోల్చడం మామూలు ల్యాప్‌టాప్‌కి కొన్ని సెకన్ల పని.

2010లో ఖాన్, అల్గత్‌బర్ దీన్ని సవరించారు. అదే ఏడాది వైద్య, మక్రాకిస్, మౌఫ్తా ఆ సవరణలో లోపాలు చూపి ఇంకో సవరణ ఇచ్చారు. 2012లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ నుంచి అశోక్ కుమార్ దాస్ బృందం మెట్లు మెట్లుగా అమర్చిన సెన్సార్ నెట్‌వర్కులకి పాస్‌వర్డ్ పద్ధతి రాసింది, 2013లో తుర్కనోవిచ్, హోల్బ్ల్ దాన్ని సవరించారు. తుర్కనోవిచ్ బృందం 2014లో రాసినదాన్ని 2016లో ఫరాష్ బృందం విప్పి చూపింది. ఇలా ఈ బండి ఆగదు. ప్రతి పేపర్ చివరా ఒక పట్టిక ఉంటుంది: మాది ఏడు హ్యాష్‌లు, వాళ్లది తొమ్మిది. ప్రోటోకాల్‌ని తర్కంతో సరిచూసే బ్యాన్ లాజిక్‌తో రుజువు ఉంటుంది, ఆ తనిఖీని కంప్యూటర్‌తో చేసే అవిస్పా టూల్ ఇచ్చిన "సేఫ్" అనే ముద్ర ఉంటుంది. రెండేళ్లకి ఎవరో వచ్చి పడగొడతారు. రుజువు అబద్ధమని కాదు. కార్డు విప్పేసినవాడు, నోడ్ (సెన్సార్, ప్రాసెసర్, రేడియో ఉన్న చిన్న పరికరం) ఎత్తుకెళ్లినవాడు ఆ రుజువు ఊహించుకున్న లోకంలో ఉండరు, అంతే.

నా వాదన ఇది. ఈ పేపర్లలో గణితం కన్నా ముందు ప్రశ్నే తప్పు. మనిషి పాస్‌వర్డ్ సెన్సార్ దాకా ఏ రూపంలోనూ వెళ్లకూడదు. హ్యాష్‌గా కూడా, ఎక్సార్ ముసుగులో కూడా. "ఇతనెవరు" అన్నది తేల్చాల్సింది కరెంటు, మెమరీ, గడియారం, జాబితా ఉన్న సర్వర్ లేదా గేట్‌వే. సెన్సార్ తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ ఆజ్ఞ నాకోసం, ఇప్పటికోసం, ఈ పనికోసం జారీ అయిందా? సినిమా హాల్లో టికెట్ చింపేవాడు మీ ఆధార్ అడగడు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం పాతదే: సెన్సార్ చిన్నది, బ్యాటరీ మీద నడిచేది, పబ్లిక్ కీ (ఒకటి బాహాటంగా, ఒకటి రహస్యంగా ఉండే జంట కీల) లెక్కలు మోయలేదు, అందుకే హ్యాష్, ఎక్సార్‌లతో సరిపెట్టాం. లెక్కేద్దాం. పరిశోధకులు ఎక్కువగా వాడిన మైకాజ్ నోడ్‌లో 8 బిట్ల ఏటీమెగా128ఎల్ ప్రాసెసర్, 4 కిలోబైట్ల ర్యామ్, సీసీ2420 రేడియో, రెండు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. 2004లోనే గురా బృందం ఆ జాతి చిప్ మీద 8 మెగాహెర్ట్జ్ దగ్గర పబ్లిక్ కీ పద్ధతుల్లో బరువైన పని అయిన 160 బిట్ల ఎలిప్టిక్ కర్వ్ గుణకారాన్ని 0.81 సెకనులో చేసి చూపింది. ఇవాళ 160 బిట్లు చాలవు కాబట్టి అంతకన్నా పెద్దదైన కర్వ్25519 తీసుకుందాం. 2015 నాటి లెక్క ప్రకారం అదే కుటుంబపు 8 బిట్ల ఏవీఆర్ చిప్ మీద దానికి సుమారు 1.39 కోట్ల సైకిళ్లు, అంటే 8 మెగాహెర్ట్జ్ దగ్గర 1.74 సెకన్లు. ప్రాసెసర్ 8 మిల్లీఆంపియర్లు, 3 వోల్టులు. గుణిస్తే 42 మిల్లీజౌళ్లు. కీ ఒప్పందానికి (ఇద్దరూ కలిసి ఒక రహస్య కీ తేల్చుకోవడానికి) ఇలాంటివి రెండు కావాలి, 84 మిల్లీజౌళ్లు.

ఇప్పుడు రేడియో. సీసీ2420 ఊరికే వింటూ కూర్చుంటే 18.8 మిల్లీఆంపియర్లు, అంటే 56 మిల్లీవాట్లు. మన కీ ఒప్పందం ఖర్చు సెకనున్నర వినడంతో సమానం! నోడ్ నూటికి ఒక వంతు సమయమే మేలుకుని వింటుందనుకున్నా రోజుకు 864 సెకన్లు, దాదాపు 49 జౌళ్లు. రోజుకు పదిమంది లాగిన్ అయినా పబ్లిక్ కీ ఖర్చు ఒక్క జౌల్ దాటదు. రెండు సెల్స్‌లో సుమారు 27,000 జౌళ్లుంటే వాటిని తినేది రేడియో, గణితం కాదు. తొమ్మిది హ్యాష్‌లని ఏడుకి తగ్గించి మురిసిపోవడం లక్ష ఖర్చయ్యే పెళ్లిలో వక్కపొడి మానేసినట్టు. ఇక ఇవాళ్టి ఎన్‌ఆర్‌ఎఫ్52840 లాంటి చిప్‌లో 64 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 కిలోబైట్ల ర్యామ్, క్రిప్టో కోసం వేరే యంత్రాంగం ఉన్నాయి. అక్కడ ఈ చర్చే లేదు.

ఈ అభ్యంతరంలో నిజమున్న చోటు ఒకటుంది. ఎవరో బయటివాడు చెత్త ప్యాకెట్లు పంపి, ప్రతిదానికీ నోడ్ చేత 1.74 సెకన్ల లెక్క చేయిస్తూ కూర్చుంటే బ్యాటరీ ఊడ్చుకుపోతుంది. అందుకే ఏ పద్ధతైనా ముందు చవకైన తనిఖీ, తర్వాతే ఖరీదైనది ఉండాలి. సిద్ధాంతపరంగా కూడా హ్యాష్ ఒక్కటే చాలదు. బలహీనమైన పాస్‌వర్డ్ మీద ఆధారపడే ప్రోటోకాల్ ఆఫ్‌లైన్ ఊహలకి (సర్వర్‌ని అడగకుండా తన కంప్యూటర్ మీదే పాస్‌వర్డ్లు ఊహించి చూసేవాడికి) తట్టుకోవాలంటే పబ్లిక్ కీ తప్పదని హలేవి, క్రావ్‌చిక్ 1990ల చివర్లోనే చెప్పారు. 2014లో డింగ్ వాంగ్, పింగ్ వాంగ్ ఇదే సంగతిని సెన్సార్ నెట్‌వర్కుల పద్ధతులకి అన్వయించి ఒకటొకటిగా విప్పి చూపారు.

పాస్‌వర్డ్ సంగతి అది. ఈ పేపర్లలో రెండో జబ్బు ఉమ్మడి రహస్యం. 2009 పేపర్‌లో ఉన్నది కాగితం మీది ఉమ్మడి సంఖ్య. బజార్లో ఉన్నది అంతకన్నా ముదురు. ఇళ్లలో బల్బులు, సెన్సార్లని కలిపే జిగ్‌బీ రేడియో పద్ధతిలో పరికరాలు నెట్‌వర్కులో చేరేటప్పుడు వాడే డిఫాల్ట్ కీ పదహారు అక్షరాల మాట, "జిగ్‌బీఅలయన్స్09". అది ప్రపంచమంతటికీ తెలుసు. ఆ చేరే నిమిషంలో పక్కన స్నిఫర్ (గాలిలోని ప్యాకెట్లు వినే పరికరం) పెట్టుకుని కూర్చున్నవాడికి నెట్‌వర్క్ కీ పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. ఇందుకే జిగ్‌బీ 3.0లో ఒక్కో పరికరానికి వేరే ఇన్‌స్టాల్ కోడ్ పెట్టే వీలు తెచ్చారు: 16 బైట్ల కోడ్, 2 బైట్ల సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ సంఖ్య), పరికరంతో పాటు అచ్చేసి ఇస్తారు. వాడితే బాగుంటుంది. ఆ స్టిక్కర్ని డబ్బా బయటి మూత మీదే వదిలేస్తే మాత్రం దారినపోయేవాడు ఫోన్‌తో ఫొటో తీసుకుంటాడు.

నోడ్ దొరికితే లోపలివి లాగడం ఎంత కష్టం? 2005లో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు మైకా2 నోడ్‌ని చిప్ పరీక్ష కోసం ఉండే జేటాగ్ పోర్టు ద్వారా నిమిషం లోపే ఖాళీ చేయొచ్చని చూపారు. 2020లో ఎన్‌ఆర్‌ఎఫ్52 చిప్‌ల డీబగ్ తాళాన్ని (లోపలి మెమరీ చదవనీయకుండా ఆపేదాన్ని) వోల్టేజి కుదుపుతో దాటే పద్ధతి బయటికొచ్చింది. కాబట్టి నోడ్ పోతుందనే అనుకుని డిజైన్ చేయాలి. అడగాల్సిన ప్రశ్న: ఒకటి పోతే మిగతా ఎన్ని పోతాయి? ఉమ్మడి సంఖ్య ఉంటే అన్నీ.

ఇప్పుడు ఇదంతా భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద పెట్టి చూద్దాం. ముప్పై చెరువులు, ఒక్కోదానికి నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) కొలిచే నోడ్, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల స్టార్టర్‌ని కలిపే రిలే. తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కిందికి పోతే రొయ్య తేలుతుంది. ఇక్కడ అంకెలు చదవడం వేరు, ఏరియేటర్ ఆపడం వేరు. డీవో ఎంతుందో పక్క చెరువు రైతుకి తెలిస్తే కొంపలేం మునగవు. రాత్రి రెండింటికి ఎవడో ఏరియేటర్లు ఆపేస్తే మాత్రం పంట పోతుంది. మన దగ్గర ఇప్పటికే వాడుకలో ఉన్న మొబైల్ స్టార్టర్లలో కొన్ని, రిజిస్టర్ చేసిన నంబరు నుంచి కాల్ వస్తే చాలు మోటారు వేస్తాయి. కాల్ చేసిన నంబరుని నకిలీగా చూపించడం కష్టమేమీ కాదు. ఫోన్ నంబరు చిరునామా, తాళంచెవి కాదు.

నేను వేసే పద్ధతి కొత్తదేమీ కాదు, 1980ల నాటి కెర్బెరోస్ టికెట్ (ఒకచోట లాగిన్ అయి, మిగతా చోట్ల చీటీ చూపించే) ఆలోచనే. సర్వర్‌లో ఒక మాస్టర్ కీ. నోడ్ కీ అంటే మాస్టర్ కీతో ఆ నోడ్ సంఖ్యకి తీసిన హెచ్‌మ్యాక్ (రహస్య కీ కలిపి తీసే హ్యాష్), మొదటి 16 బైట్లు. నోడ్‌లో దాని కీ ఒక్కటే ఉంటుంది, మాస్టర్ ఎప్పుడూ సర్వర్ గడప దాటదు. డేటా పంపడానికి, ఆజ్ఞలకి వేరే వేరే కీలు కావాలి కాబట్టి లెక్కలో కలిపే లేబుల్ మార్చి విడిగా తీయాలి. ఒకే కీని రెండు పనులకి వాడటం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి.

రైతు ఫోన్‌లో యాప్ తెరిచి సర్వర్‌లో లాగిన్ అవుతాడు. అక్కడ పాస్‌కీ అయినా, పాస్‌వర్డ్ అయినా మామూలు వెబ్ పద్ధతే. పాస్‌వర్డ్ అయితే సర్వర్ దాన్ని ఊహించేవాడిని నెమ్మది చేసే ఆర్గాన్2ఐడీ హ్యాష్‌తో, కనీసం 19 మెగాబైట్ల మెమరీ, రెండు చుట్లతో దాచాలి. సర్వర్ అతనికి టోకెన్ ఇస్తుంది: యూజర్ సంఖ్య 2 బైట్లు, అధికారాల బిట్లు 1, ఎపోక్ సంఖ్య (టోకెన్ల తరం, దీని పని తర్వాత చెప్తాను) 2, గడువు 4. మొత్తం 9 బైట్లు. ఈ తొమ్మిదీ రహస్యం కాదు. రహస్యం వాటితోపాటు ఇచ్చే 16 బైట్ల సెషన్ కీ. అది నోడ్ కీతో ఆ 9 బైట్లకి, నోడ్ సంఖ్యకి కలిపి తీసిన హెచ్‌మ్యాక్. నోడ్ దగ్గర ఏ జాబితా అక్కర్లేదు: టోకెన్ వస్తే అదే లెక్క తనూ చేసి అదే సెషన్ కీ పుట్టిస్తుంది. ఎవరైనా అధికారాల బిట్‌ని "చదవడం" నుంచి "ఆపడం"కి మారిస్తే నోడ్‌కి వేరే కీ వస్తుంది, తనిఖీ తప్పుతుంది. 2004 పేపర్‌లో లేనిది ఇక్కడ ఉన్నది ఇదే. వచ్చిన సందేశంలోంచి బయటికి లాగిన విలువతో కాకుండా, తనకి ముందే ఉన్న రహస్యంతో నోడ్ సరిచూస్తుంది.

గట్టు మీద బ్లూటూత్‌లో జరిగేది: ఫోన్ 8 బైట్ల యాదృచ్ఛిక సంఖ్య పంపుతుంది. నోడ్ తన 8 బైట్ల సవాలు సంఖ్య ఇస్తుంది. ఫోన్ టోకెన్ 9, ఆజ్ఞ 2, వీటన్నిటికీ సవాళ్లతో కలిపి సెషన్ కీతో తీసిన ముద్ర 8 బైట్లు పంపుతుంది. మొత్తం 19. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ రకం (బీఎల్‌ఈ)లో ప్యాకెట్ సైజు గురించి ఏ బేరమూ ఆడకుండా ఒక రైట్‌లో పట్టేది 20 బైట్లే, అందుకే నోడ్ సంఖ్యని పంపకుండా లెక్కలో మాత్రమే కలిపాం. అది నోడ్‌కి ఎలాగూ తెలుసు కదా. చివరికి నోడ్ "ఏరియేటర్ నడుస్తోంది" అన్న జవాబుకి తన ముద్ర వేసి పంపుతుంది. ఫోన్ మొదట పంపిన 8 బైట్లు ఇందుకే. అవి లేకపోతే నకిలీ నోడ్ ఒకటి నిన్నటి సవాలు, నిన్నటి జవాబు మళ్లీ ఆడించి "నడుస్తోంది" అనిపించగలదు. రైతు ఇంటికెళ్లి పడుకుంటాడు, చెరువులో మోటారు ఆగే ఉంటుంది. రెండు వైపులా ధ్రువీకరణ అన్నది పేపర్లలో ఒక గడిలో టిక్ మార్కు, ఇక్కడ రొయ్యల ప్రాణం.

నోడ్‌కి పడే ఖర్చు మూడు హెచ్‌మ్యాక్‌లు. 8 బిట్ల చిప్ మీద కూడా పదుల మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఎనిమిది బైట్ల ముద్ర చిన్నదని కంగారు అక్కర్లేదు. దాన్ని ఆఫ్‌లైన్‌లో ఊహించడానికి వీల్లేదు, ఎందుకంటే సెషన్ కీ మనిషి పెట్టుకున్న పాస్‌వర్డ్ కాదు, 128 బిట్ల గుడ్డి సంఖ్య. ఊహించేవాడు నోడ్‌నే అడగాలి, నోడ్ సెకనుకు ఒక్క ప్రయత్నమే తీసుకోవాలి. ఐదు తప్పులకి తాళం వేసే అలవాటు మాత్రం ఇక్కడికి తేవద్దు. గిట్టనివాడు ఐదు చెత్త ప్యాకెట్లు కొట్టి అసలు రైతుని బయట నిలబెడతాడు.

ఇంటి నుంచి లోరావాన్ (దూరాలకి కొద్ది బైట్లు మోసే రేడియో పద్ధతి) మీద పంపినా ఇదే టోకెన్ సరిపోతుంది. మన 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అతి నెమ్మది వేగం దగ్గర ఒక ప్యాకెట్‌లో పట్టేది 51 బైట్లు, అది గాలిలో 2.8 సెకన్లు ఉంటుంది. పబ్లిక్ కీ ఎవరిదో చెప్పే ఐదారు వందల బైట్ల సర్టిఫికెట్ పంపాలంటే పది ప్యాకెట్లు పైనే, అందులో ఒకటి పోతే మళ్లీ మొదలు. బ్యాటరీ సెన్సార్లకి పబ్లిక్ కీ విషయంలో నిజంగా భారమైనది ఈ బైట్లే తప్ప గుణకారం కాదు. ఈ సంగతి గ్రహించి చేసిందే ఎడ్‌హాక్ అనే కీ ఒప్పందపు ప్రోటోకాల్, 2024 మార్చిలో ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9528గా వచ్చింది. కీలు ముందే పరిచయమై ఉంటే మూడు సందేశాలూ కలిపి 101 బైట్లలో కీ ఒప్పందం అయిపోతుంది.

ఇక చెడేది ఎక్కడో చెప్పాలి, ఎందుకంటే పైన చెప్పిందంతా తెల్లబోర్డు మీద అందంగానే ఉంటుంది.

మొదటిది గడియారం. పేపర్లన్నీ సమయ ముద్ర పెట్టి, కొన్ని సెకన్ల తేడాలోపు వస్తే ఒప్పుకోమంటాయి. మామూలు 20 పీపీఎం (పది లక్షలకి ఇరవై వంతుల తేడా ఉండే) గడియారపు క్రిస్టల్ రోజుకు 1.7 సెకన్లు జారుతుంది, నెలకు 52. ఎండాకాలం గట్టు మీది డబ్బాలో ఇంకా ఎక్కువ. బ్యాటరీ మార్చారంటే కొన్ని నోడ్‌లకి మళ్లీ 1970 జనవరి 1 వస్తుంది, అప్పుడు గడువు తీరిన టోకెన్లన్నీ బతికొస్తాయి. అందుకే పాత సందేశం మళ్లీ ఆడించే దాడికి సమయాన్ని నమ్ముకోకూడదు, దానికి సవాలు సంఖ్య ఉంది. గడువు కోసం మాత్రమే సమయం. నోడ్ తనకి తెలిసిన ఆఖరి సమయాన్ని గంటకోసారి ఫ్లాష్‌లో రాసుకోవాలి, లేచినప్పుడు అంతకన్నా వెనక్కి పోకూడదు. గేట్‌వే నుంచి సమయం అందేదాకా చదవడానికే అనుమతి ఇవ్వాలి. ఫ్లాష్ ఒక పేజీ పదివేలసార్లు చెరిపితే అరుగుతుంది, గంటకోసారి ఒకే పేజీ చెరిపితే పద్నాలుగు నెలల్లో లెక్క ముగుస్తుంది. పేజీలో వరసగా రాసుకుంటూ నిండాకే చెరపాలి.

రెండోది సవాలు సంఖ్య. ప్రోగ్రాములో మామూలు ర్యాండ్ ఫంక్షన్ వాడితే ప్రతి రీబూట్‌కీ అదే వరస వస్తుంది. కరెంటు తీసి పెట్టగలిగినవాడికి నిన్నటి సవాలే మళ్లీ దొరుకుతుంది. చిప్‌లో హార్డ్‌వేర్ యాదృచ్ఛిక జనకం ఉంటే అదే వాడాలి, లేకపోతే ఫ్లాష్‌లో దాచిన లెక్కింపుని కీతో హెచ్‌మ్యాక్ చేసి తీయాలి. ఎన్‌క్రిప్షన్‌కి ఏఈఎస్ సీసీఎం పద్ధతి వాడేచోట నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన సంఖ్య) తిరిగొస్తే ఇంకా ప్రమాదం: రెండు సందేశాల ఎక్సార్ బయటపడుతుంది.

మూడోది మనుషులు చేసేది. లోరావాన్‌లో ఏబీపీ పద్ధతిలో (కీలు ముందే రాసిపెట్టి) పెట్టిన నోడ్ బ్యాటరీ మార్చగానే ఫ్రేమ్ లెక్క (ప్యాకెట్ల వరస సంఖ్య) సున్నాకి వస్తుంది. సర్వర్ అది పాత ప్యాకెట్ అనుకుని పారేస్తుంది. ఫిట్టింగ్‌కి వచ్చిన కుర్రాడు కన్సోల్‌లోకెళ్లి ఫ్రేమ్ లెక్క తనిఖీ తీసేస్తాడు. డేటా వస్తుంది, అందరూ సంతోషం. ఆ రోజు నుంచి నిన్నటి డీవో అంకెల్ని ఎవరైనా ఇవాళ మళ్లీ పంపవచ్చు. దీనికి మందు ఓటీఏఏ పద్ధతిలో (చేరిన ప్రతిసారీ కొత్త కీలు పుట్టేలా) చేర్చడం, లేదా లెక్కని ఫ్లాష్‌లో వందేసి చొప్పున ముందుకు రాసుకోవడం. పరీక్షకి వాడిన కీ, సీరియల్ పోర్టులో కీలు ముద్రించే డీబగ్ లైను, "సర్వీస్ కోసం" అని ఉంచిన పాస్‌వర్డ్ కూడా ఈ కుటుంబంలోవే. ముద్రల్ని సి భాషలోని మెమ్‌సీఎంపీ ఫంక్షన్‌తో పోల్చడం ఇంకోటి. అది మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది, ఆ ఆగడంలో సమయం తేడా బయటికి తెలుస్తుంది. ఎనిమిది బైట్లూ చివరిదాకా చూసి ఒకేసారి తీర్పు చెప్పాలి.

నాలుగోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది, మానేసిన మనిషి. మేత వేసే కుర్రాడు పోయిన నెల పని మానేశాడు, అతని ఫోన్‌లో టోకెన్ ఉంది. రద్దు ఎలా? పైన చూసిన పేపర్ల గొలుసులో దీనికి దక్కే చోటు బహు తక్కువ. ఎపోక్ సంఖ్య ఇందుకే. సర్వర్ దాన్ని ఒకటి పెంచుతుంది, నోడ్ తను చూసిన అతి పెద్ద ఎపోక్ కన్నా చిన్నదాన్ని ఒప్పుకోదు. నోడ్ పదిహేను నిమిషాలకోసారి డేటా పంపి వెంటనే వినే రకమైతే, ప్యాకెట్ పోకుండా ఉంటే పదిహేను నిమిషాల్లో కబురు అందుతుంది. స్టార్టర్ దగ్గర ఎలాగూ కరెంటు ఉంది కాబట్టి ఆ నోడ్‌ని ఎప్పుడూ వినే క్లాస్ సీగా పెట్టుకోవచ్చు. కొత్త ఎపోక్ ఉన్న సరైన టోకెన్ ఎవరి ఫోన్ నుంచి వచ్చినా, ముద్ర సరిపోయాక నోడ్ తనంతట తనే పైకి ఎక్కాలి. అప్పుడు నెట్ లేని చెరువుకి కూడా ఆ కబురుని మనుషులే మోసుకెళ్తారు. రెండు బైట్లంటే 65,536 మార్పులు, రోజుకొకటి చేసినా 179 ఏళ్లు. ఒకరిని తీయడానికి అందరి టోకెన్లూ మార్చాల్సి రావడం ఇందులో లోపమే. పదిమంది ఉన్న ఫారానికి ఫర్వాలేదు, పదివేలమందికి పనికిరాదు. గడువుని పన్నెండు గంటలకి మించి ఇవ్వకపోతే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

ఈ పద్ధతి అన్నిచోట్లా సరిపోతుందని నేననను. సర్వర్‌కి అన్ని కీలూ తెలుసు, సర్వర్ పోతే అన్నీ పోయినట్టే. నోడ్ కీ దొరికితే గతంలో రికార్డు చేసి పెట్టుకున్న సంభాషణలు కూడా విప్పవచ్చు. చెరువు డీవోకి ఇది పట్టింపు కాదు. రోగి ఒంటి మీది సెన్సార్‌కి పట్టింపే, అక్కడ ఎడ్‌హాక్ లాంటి పబ్లిక్ కీ ఒప్పందం పెట్టాలి. సెన్సార్లు ఒకరివి, గేట్‌వే ఇంకొకరిది, యూజర్లు మూడో సంస్థవాళ్లు అయితే 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9200గా వచ్చిన ఏస్ చట్రం ఉంది, అనుమతి ఇచ్చేవాడిని విడిగా నిలబెడుతుంది. వీటిలో దేనిలోనూ యూజర్ పాస్‌వర్డ్ నోడ్ దాకా పోదని గమనించండి.

చివరిగా ప్యానెల్ బోర్డు సంగతి. ధ్రువీకరణ విఫలమైతే రిలే ఉన్న స్థితిలోనే ఉండాలి తప్ప ఆగిపోకూడదు. ఆక్సిజన్ హద్దు కిందికి పోతే నోడ్ ఎవరి టోకెన్ కోసమూ చూడకుండా తనే ఏరియేటర్ వేయాలి. టోకెన్ కావాల్సింది ఆపడానికి. ఆటో, మాన్యువల్ స్విచ్ స్టార్టర్ మీద ఎప్పుడూ పనిచేస్తూ ఉండాలి, దానికి ఏ సాఫ్ట్‌వేర్ అడ్డూ పెట్టకూడదు. ఆ స్విచ్‌కి అదనపు కాంటాక్టు ఒకటి ఉన్నది తీసుకుని, దాని రెండు వైర్లు నోడ్ ఇన్‌పుట్‌కి కలపండి. ఎవరైనా మాన్యువల్‌కి తిప్పితే ఏ నిమిషానికి తిప్పారో లాగ్‌లో పడుతుంది. ఎవరు తిప్పారో మాత్రం గట్టు మీద కాపలా ఉన్న మనిషిని అడగాల్సిందే.